మా ఇంటి కుంభకర్ణుడు

నిరుడు మాఘమాసంలో ఒకనాటి మధ్యాహ్నం మా గుమ్మం ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. ఇద్దరు మనుషులు అందులోంచి తెల్లటి గుడ్డలో చుట్టిన అయిదున్నర అడుగుల ఆకారాన్ని ఒకదాన్ని దించి, చెరో వైపూ పట్టుకుని, మా అరుగు మీదికి తీసుకొచ్చారు. ఎదురింటి పిన్నిగారు ఆ వేళప్పుడు అప్పడాలు ఎండబెట్టుకుంటున్నారు. ఆ తెల్ల మూటను చూడగానే చేతిలోని అప్పడం జారవిడిచి, "అయ్యో, ఎంత పని జరిగిందమ్మా! ఆస్పత్రికి తీసుకెళ్ళినట్టయినా నాకు తెలియదే!" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పరుగున వచ్చేశారు. మా అత్తగారు పక్షవాతంతో ఏడాదిగా మంచాన ఉన్నారని వీధివీధంతా ఎరుగుదురు మరి.

అప్పుడు లోపలి గదిలోంచి మా అత్తగారి గొంతు ఖంగుమంది. "అమ్మాయీ, ఎవరికేమయిందే?"

ఆ గొంతు విని పిన్నిగారు మెట్టు మీదే చతికిలబడ్డారు. ఆవిడకి మంచినీళ్ళిచ్చి, గుడ్డ విప్పి లోపలున్నదేమిటో చూపించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అందులో ఉన్నది బొమ్మ. నిలువెత్తు బొమ్మ. తూకం సరిగ్గా 50 కిలోలు. నిప్పు అంటుకున్న ఇళ్ళలోంచి మనుషుల్ని బయటికి తీయడం నేర్పే శిక్షణ కేంద్రంవారు మా ఊళ్ళో దుకాణం ఎత్తేస్తూ సామాను అమ్ముకుంటే, సంక్రాంతికి నేను కొనుక్కోవలసిన పట్టుచీర మానుకుని దీన్ని కొన్నాను.

పట్టుచీర మానుకుని గోతాంలాంటి బొమ్మని కొనే ఇల్లాలికి మతి ఉందా అని మీరు అడగవచ్చు. మావారు అడిగారు కూడాను. అంచేత అసలు సంగతి చెప్పాలి.

దానికి నెల్లాళ్ళ ముందు ఒకనాడు అత్తగారిని మంచం మీంచి కుర్చీలోకి మారుస్తున్నాను. ఇంట్లో మరెవరూ లేరు. చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున లేవదీశాను. ఆవిడ బరువు 58 కిలోలు. సగం దూరంలో ఆవిడ మోకాళ్ళు మడతపడ్డాయి. నేను వదలలేదు. వదలకుండా, నడుము మెలితిప్పి కుర్చీవైపు లాగబోయాను. ఇద్దరం కలిసి నేలమీద పడ్డాం. దేవుడి దయవల్ల ఆవిడకి ఎముకలేవీ విరగలేదు. నాకు మాత్రం నడుములో ఏదో చిటుక్కుమంది. పదకొండు రోజులు నేనూ మంచమెక్కాను.

నడుం నొప్పి తగ్గింది. కాని అత్తగారి భయం తగ్గలేదు. "నన్ను ముట్టుకోకు. వాణ్ణి రానీ" అనేవారు. 'వాడు', అంటే మావారు, పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసుకి వెడితే సాయంత్రం ఆరింటికి వస్తారు. అంతసేపూ ఆవిడ ఒకే పక్కన, ఒకే తీరున పడి ఉండేవారు. మంచాన ఉన్న మనిషిని రెండు గంటలకి ఒకసారయినా పక్క మార్చాలని వైద్యులు చెబుతారు. మేము తొమ్మిది గంటలు వదిలేస్తున్నాం. కొన్నాళ్ళకి నడుము దిగువ ఎముక మీద చర్మం రూపాయి బిళ్ళంత మేర ఎర్రబడింది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోవడం లేదు. పుండు పడడానికి అదే మొదటి మెట్టు.

వారానికి రెండు సార్లు వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి అది చూసి, "ఆవిడ మీద నేర్చుకోవాలని చూస్తే ఆవిడ ఒప్పుకోరమ్మా. బరువున్న బొమ్మ మీద నేర్చుకోండి" అంది. ఆ మాట మీద వచ్చిన బొమ్మ ఇది. మా పిల్లలు దానికి 'కుంభకర్ణుడు' అని పేరు పెట్టారు.

రోగిని కదిలించడం బొమ్మ మీద నేర్చుకోవడం కొత్తేమీ కాదు. అమెరికాలో పాటకెట్ అనే ఊళ్ళో మార్తా చేజ్ అనే ఆవిడ పిల్లలకి గుడ్డబొమ్మలు చేసి అమ్ముతుండేది. 1911 లో హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సుల బడివారు ఆవిడ చేత మనిషంత బొమ్మ ఒకటి చేయించుకున్నారు. కొత్తగా చేరిన పిల్లలు రోగుల మీద చెయ్యి వేసే ముందు ఆ బొమ్మకి పక్కలు వేసి, ఒళ్ళు తుడిచి, అటూ ఇటూ దొర్లించి నేర్చుకునేవారు. ఆ బొమ్మకి 'మిసెస్ చేజ్' అనే పేరు పడిపోయింది. అటువంటి బొమ్మలు తరవాత ఎన్నో నర్సుల బళ్ళకి వెళ్ళాయి. ఆస్పత్రిలో పనిచేసే పిల్లలకి బొమ్మ కావలసి వచ్చింది. ఇంట్లో అత్తగారినో, మామగారినో ఒంటరిగా ఎత్తే కోడళ్ళకి మాత్రం బొమ్మా అక్కర్లేదు, బడీ అక్కర్లేదు, పుట్టుకతోనే వచ్చేస్తుందని మన నమ్మకం!

సరే, అరుగు మీదున్న కుంభకర్ణుడి దగ్గరికి వద్దాం. ఆటోవాళ్ళు ఒప్పుకున్నది అరుగు దాకానే. మా పెద్దవాడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. వాడూ నేనూ చెరో చెయ్యీ పట్టుకుని "ఒకటీ, రెండూ" అని లాగాం. బొమ్మ జానెడు కదిలింది. పర్రుమని చప్పుడయింది. ఎడమ భుజం దగ్గర కుట్లు ఊడిపోయి ఇసక బుడబుడా రాలింది. కొని గంట కాలేదు!

సంతకం కోసం నిలబడ్డ పెద్దాయన ఇది చూస్తున్నాడు. ఎన్నో ఏళ్ళు బియ్యం మిల్లులో మూటలు మోసిన మనిషి. "అమ్మగారూ, బస్తాకయితే నాలుగు మూలలుంటాయండి, పట్టు దొరుకుద్దండి. దీనికి ఎక్కడ పట్టుకున్నా జారిపోద్దండి. మొయ్యకండి, జరపండి" అన్నాడు. ఒక దుప్పటి అడిగాడు. బొమ్మను పక్కకి దొర్లించి, దుప్పటి సగం మడిచి దాని వీపు కింద దోపి, మళ్ళీ ఇటు దొర్లించాడు. బొమ్మ దుప్పటి మధ్యకి వచ్చింది. తలవైపు దుప్పటి అంచులు ముడిచి పట్టుకుని, తల నేలకి తగలకుండా రవ్వంత పైకెత్తి, వెనక్కి నడుస్తూ లాగాడు. గడప దగ్గర మా వంటింటి చెక్కపీట ఒకటి వాలుగా వేయించాడు. అయిదు నిమిషాల్లో కుంభకర్ణుడు హాలు మధ్యలో ఉన్నాడు. ఆయన ఒగర్చను కూడా లేదు.

ఆ తరవాత నేను ఎన్ని తెలుసుకున్నా ఆయన చెప్పిన రెండు మాటలకీ అవి వ్యాఖ్యానాలే అనిపించింది. మొయ్యడం వేరు, జరపడం వేరు. మిల్లుల దగ్గర చూడండి. ఏళ్ళ తరబడి ఆ పని చేస్తున్నవాడు సామాన్యంగా నిండు బస్తాని తానొక్కడే నేలమీంచి ఎత్తి వీపున వేసుకోడు. ఇద్దరు ఎత్తి అందిస్తారు. లేకపోతే బస్తాయే నడుమెత్తున ఉంటుంది, వాడు వీపు దాని కింద పెట్టి తీసుకుంటాడు. బరువుల పని తెలిసినవాళ్ళు వంగి ఎత్తరు. వంగి ఎత్తేవాళ్ళం మనమే.

వంగితే ఏమవుతుందో 1960 ల్లో స్వీడన్ దేశపు వైద్యుడు ఆల్ఫ్ నాఖెమ్సన్ కొలిచి చూశాడు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలుంటాయి కదా, వాటిలోపలి ఒత్తిడిని సన్నటి సూది గుచ్చి లెక్కకట్టాడు. నిటారుగా నిలబడ్డప్పటి ఒత్తిడి 100 అనుకుంటే, ముందుకు వంగితే 150. చేతుల్లో బరువు పట్టుకుని వంగితే 220. ఇందులో మర్మమేమీ లేదు, ఏతం సూత్రమే. వీపు కండరాల పట్టు వెన్నుకి రెండంగుళాల దూరంలో ఉంటుంది. మనం చేతులు చాచి పట్టుకున్న బరువు ఇరవై అంగుళాల దూరంలో ఉంటుంది. అంటే చాచిన చేతుల్లో 10 కిలోలున్నా, దాన్ని ఆపడానికి వీపు కండరాలు 100 కిలోల పట్టు పట్టాలి. అదే బరువు పొట్టకి ఆనించుకుంటే అందులో సగం కూడా అక్కర్లేదు.

అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థవారు 1991 లో సవరించిన లెక్కలో, అన్ని హంగులూ అమిరినా సరే రెండు చేతులతో ఎత్తే బరువు 23 కిలోలు దాటరాదన్నారు. ఆ సంస్థలోనే పనిచేసిన థామస్ వాటర్స్, మనుషుల్ని ఎత్తేటప్పుడు ఆ హద్దు 16 కిలోలకి దించాలని 2007 లో రాశారు. పెట్టెకి ఉండే పిడులు మనిషికి ఉండవు, పెట్టె మధ్యలో మోకాళ్ళు మడవదు. 16 కిలోలు! ఒక్క కాలే మనిషి బరువులో దాదాపు ఆరోవంతు ఉంటుంది, మొండెం ఇంచుమించు సగం. నేను ఆనాడు చంకల కింద చేతులు వేసి ఒంటరిగా ఎత్తబోయింది 58 కిలోలు.

మర్నాడు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, కుంభకర్ణుడి చిరిగిన భుజం చూసి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మంచిదయిందమ్మా, ఇది బాగా చూసుకోండి" అంది. పక్షవాతం తగిలిన పక్క భుజంలో కండరాల బిగువు పోతుందిట. ఆ చెయ్యి పట్టుకుని లాగినా, చంకలో చెయ్యివేసి ఎత్తినా కీలు సడలి కిందికి జారుతుందిట. బొమ్మకి ఇసక కారింది కనక తెలిసింది. మనిషికి పైకి ఏమీ కనపడదు, రాత్రుళ్ళు నొప్పి మాత్రం వస్తుంది. మా అత్తగారికి పడిపోయింది ఎడమ పక్కే. ఎడమ భుజం నొప్పి అని ఆవిడ ఆర్నెల్లుగా అంటూనే ఉన్నారు. వాతం అనుకుని తైలం రాస్తూ వచ్చాను. ఆ భుజం కుట్లు నేను తిరిగి వేశాను కాని, కుట్టుతున్నంతసేపూ మనసు మనసులో లేదు.

ఇహ పాఠాలు మొదలయ్యాయి. అత్తగారి గదికి ఎదురుగా హాల్లో ఒక మంచం వేసి దాని మీద బొమ్మని పడుకోబెట్టాం. తలుపు తీసి ఉంటే ఆవిడకి అంతా కనిపిస్తుంది. అది నేను కావాలనే చేశాను.

మొదటిది పక్క మార్చడం. మనం ఏ వైపు తిప్పదలుచుకున్నామో ఆ వైపే నిలబడాలి. దూరంగా ఉన్న మోకాలు మడిచి నిలపాలి. ఆ వైపు చెయ్యి రొమ్ము మీదికి తేవాలి. అప్పుడు ఒక చెయ్యి భుజం వెనక, రెండోది తుంటి మీద వేసి మనవైపు దొర్లించుకోవాలి. మోకాలు మడిచి ఉంటే అదే మీటలా పనిచేస్తుంది, ఒళ్ళు దాని వెంట వచ్చేస్తుంది. మోకాలు మడవకుండా ఒకసారి చేసి చూశాను, కుంభకర్ణుడు కుంభకర్ణుడే.

రెండోది కిందికి జారిపోయిన మనిషిని తలగడ వైపు పైకి జరపడం. ఇళ్ళల్లో నడుములు పోయేది ఎక్కువగా ఇక్కడే. దీనికి ఇద్దరు కావాలి. భుజాల నించి తొడల దాకా వచ్చేట్టు ఒక పంచె నాలుగు మడతలు వేసి ఒంటి కింద పరవాలి. చెరో వైపూ నిలబడి, పంచె అంచులు ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకోవాలి. ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి వేసి, మోకాళ్ళు కాస్త వంచి, "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెట్టి, ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చాలి. చేతులతో లాగడం కాదు. అయినా పరుపు పట్టేస్తోంది. అప్పుడు నాకు పెట్టె అడుగున ఉన్న మా అమ్మ నైలాన్ చీర గుర్తొచ్చింది. ఒకప్పుడు ఆ చీరలకోసం ఆడవాళ్ళు ఎంత మోజుపడ్డారో పెద్దవాళ్ళకి తెలుసు. వేసవిలో ఒళ్ళు ఉడికిపోతుందని నేనేనాడూ కట్టలేదు. దాన్ని రెండు మడతలు వేసి పంచె కింద పరిచాను. నైలాను మీద నైలాను సర్రున జారింది. మొదటి లాగుకి కుంభకర్ణుడి తల మంచం కోడుకి కొట్టుకుంది! ఆస్పత్రుల్లో ఈ పనికే జారుడు గుడ్డలని అమ్ముతారు, సూత్రం ఇదే. పని కాగానే నైలాను తీసెయ్యడం మాత్రం మరవరాదు. మరిస్తే మనిషి మంచం మీంచే జారిపోవచ్చు.

పడుకున్న మనిషిని కూచోబెట్టడం నేర్చుకున్న రోజు నాకు సంతోషం పట్టలేదు. ఇన్నాళ్ళూ వీపు కింద చెయ్యి వేసి మొండేన్నంతా పైకి పెకలించేదాన్ని. ముందు పక్కకి తిప్పి, కాళ్ళు రెండూ మంచం అంచు దాటించి కిందికి వదలాలి. కిందికి దిగే కాళ్ళ బరువు ఏతంలో తొక్కే మనిషిలా పైభాగాన్ని లేపుతుంది. మనం భుజం దగ్గర కాస్త సాయం పడితే చాలు.

ఎత్తు సంగతి కూడా చెప్పాలి. వంగకుండా ఉంటుందని మంచం కోళ్ళ కింద కొయ్యదిమ్మలు పెట్టించాను. మధ్యలో గుంట తొలిచి ఉన్నవే, కోడు జారకుండా. పక్క మార్చడానికి, ఒళ్ళు తుడవడానికి దివ్యంగా ఉంది. తీరా కూచోబెడితే కాళ్ళు నేలకి అందలేదు. కాళ్ళు ఆనకపోతే లేచి నిలబడడమెల్లా? దిమ్మలు తీయించేశాను. ఇప్పుడు ఒక మోకాలు మంచం మీద ఆనించి పని చేస్తున్నాను. అప్పుడు అంతగా వంగనక్కర్లేదు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ అత్తగారు తలగడ మీంచి చూస్తూండేవారు. మొదటి రెండు రోజులూ, "ఇంటికి ఒక్క రోగి చాలలేదుట" అన్నారు. మూడోనాడు, "చెయ్యి కింద నలిగిపోతోంది, చూసుకో" అన్నారు. ఒకసారి నిజంగానే నలుగుతోంది. నాలుగోనాడు నేను బొమ్మని తిప్పబోతుంటే, "ఆగు" అన్నారు.

ఆగాను.

"దానికి చెప్పకుండా లాగుతావేం?"

"బొమ్మకి చెప్పేదేమిటండీ?" అన్నాను.

"నాకు మాత్రం ఏనాడు చెప్పావు? కళ్ళు మూసుకుని పడుంటానా, వచ్చి గభాల్న పట్టుకుంటావు. ఆవేళ పడింది కూడా అందుకే. కుడికాలు మంచంపట్టీకి తన్నుకుని ఉంది. అది తీసుకుంటాను ఉండమ్మా అని అందామనుకునే లోపల నన్ను గాల్లోకి లేపావు."

నేను జవాబు చెప్పలేకపోయాను. ఏడాదిపాటు ఆవిడని కదిలిస్తున్నాను. ఆవిడకి కుడి చెయ్యీ, కుడి కాలూ, బుర్రా మూడూ శుభ్రంగా పనిచేస్తున్నాయి. ఒక్కనాడు వాటి సాయం అడిగిన పాపాన పోలేదు.

ఆ సాయంత్రం నించి బొమ్మకి కూడా చెప్పి తిప్పాను. "ఇదుగో, నావైపు తిప్పుతున్నా. మోకాలు మడుస్తున్నా. ఒకటి, రెండు, మూడు." పిల్లలు నవ్వారు. అత్తగారు నవ్వలేదు. మర్నాడు మధ్యాహ్నం మావారు ఆఫీసులో ఉండగా తనంతట తనే, "ఏదీ, నన్ను తిప్పు చూద్దాం" అన్నారు. చెప్పాను, లెక్కపెట్టాను. మూడు అనేసరికి ఆవిడ కుడి చేత్తో మంచంపట్టీ పట్టుకుని తనే సగం తిరిగిపోయారు. నా చేతిలో పడ్డ బరువు పసిపిల్లంత. కుంభకర్ణుడితో కుస్తీ పట్టిన చేతులకి ఆ తేలిక నమ్మశక్యం కాలేదు.

కుర్చీలోకి మార్చడానికి మరో మూడు వారాలు పట్టింది. ఫిజియోథెరపీ అమ్మాయి నడుముకి కట్టే వెడల్పాటి బెల్టు తెచ్చింది. పట్టుకోవలసింది దాన్ని, చంకల్ని కాదు. కుర్చీ మంచి పక్కనే వేయాలి, అంటే మాకు కుడి వైపు. చక్రాలుంటే బ్రేకులు బిగించాలి. పాదాలు నేలకి ఆనాలి, ఆవిడ ముందుకి వంగి ముక్కు పాదాలకంటె ముందుకి తేవాలి. అప్పుడు ఒళ్ళు దానంతటదే లేస్తుంది. బలహీనమయిన మోకాలికి నా మోకాలు అడ్డం పెడతాను. తిరిగేటప్పుడు నడుము మెలితిప్పను, పాదాలే జరుపుతాను. కుంభకర్ణుడి మీద ఇదొక్కటీ కుదరలేదు. నిలబడడం బొమ్మవల్ల ఏమవుతుంది? కాళ్ళు బొత్తిగా ఆనించలేని రోగిని ఇల్లా ఒంటరిగా ఎత్తే ప్రయత్నమే చెయ్యరాదని, దానికి మీట నొక్కితే లేపే యంత్రాలున్నాయని, వాటిని కొన్ని ఊళ్ళల్లో అద్దెకి ఇస్తారని ఆ అమ్మాయి చెప్పింది.

కాని బొమ్మ మరొకటి నేర్పింది. పడిపోతున్న మనిషిని పట్టి ఆపబోరాదు. దగ్గరగా హత్తుకుని, ఒక కాలు ముందుకి చాచి, ఆ కాలి మీంచి మెల్లిగా జారుస్తూ నేలమీద కూచోబెట్టాలి. తల కొట్టుకోకుండా చూస్తే చాలు. వెంటనే లేవదీయబోకుండా, ఎక్కడయినా నొప్పి ఉందేమో అడిగి చూసి, మరొకరిని పిలవాలి. ఈ పాఠానికి కుంభకర్ణుణ్ణి పాతిక సార్లయినా నేల దింపి ఉంటాను. మా అబ్బాయి వెనక నించి పట్టుకుని నిలబెట్టేవాడు, నేను జార్చేదాన్ని. ఇంతవరకూ అత్తగారితో దాని అవసరం రాలేదు.

నడుము దిగువ ఎరుపు చైత్రం నాటికి పూర్తిగా మాయమయింది. శ్రీరామనవమి నాడు మా వీధిలోంచి ఊరేగింపు వెడుతుందంటే, అత్తగారు కుర్చీలో అరుగు మీదికి వచ్చి కూచున్నారు. ఏడాది పైగా వీధి మొహం చూడలేదావిడ. ఎదురింటి పిన్నిగారు పానకం గ్లాసుతో వచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మాటల మధ్యలో పిన్నిగారి చూపు హాల్లోకి పోయింది. అక్కడ మంచం మీద కుంభకర్ణుడు మట్టిరంగు తొడుగుతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆవిడ ఉలిక్కిపడ్డారు.

అత్తగారు అది కనిపెట్టి నన్ను కేకేశారు.

"అమ్మాయీ, నలుగురూ వచ్చే ఇల్లు. దాని మొహాన నా పాత చీర ఒకటి కట్టకూడదుటే?"